షట్టరు వెనుక ఎవరున్నారు? కారు గది తలుపుకు ఇన్సులేషన్: ఖర్చు, ఫలితం

(హైదరాబాద్ సైనిక్‌పురిలో ఒక కాలనీ నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త శీతల గిడ్డంగుల నిర్మాణంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరు.)

సభకు నమస్కారం.

పోయిన నెల సమావేశంలో ఒకరు లేచి, "మా కారు గది షట్టరుకు లోపలి వైపు ఫోమ్ వేయిద్దామనుకుంటున్నాం, ఎంతవుతుంది, వేయించినందుకు ఏమైనా గిట్టుబాటు అవుతుందా?" అని అడిగారు. నేను అప్పుడు "గిట్టుబాటు కాదండీ" అని ఒక్క ముక్కలో చెప్పి కూర్చున్నాను. ఆ జవాబు తప్పు కాదు గాని, అది సగం జవాబే అని ఇంటికి వెళ్లాక అనిపించింది. ఎందుకంటే నేను మా సొంత ఇంట్లో ఆ షట్టరు మీదే మూడు వేసవులు, కొంత డబ్బు, చెప్పుకోలేనంత పరువు ఖర్చు పెట్టినవాణ్ణి. మిగిలిన సగం చెప్పడానికే ఇవాళ అధ్యక్షులవారిని అరగంట అడిగి తీసుకున్నాను.

ధర సంగతి తేలాలంటే ముందు ఒక విషయం తేలాలి. ఆ షట్టరు వెనుక ఏముంది? మన వీధుల్లో కొత్తగా కట్టిన ఇళ్లలో చాలావాటికి కింది అంతస్తంతా స్తంభాల మీద నిలిచిన పార్కింగే. మూడు వైపులా గాలి ఆడుతుంది, ముందు గేటుంటుంది. అలాంటి చోట ఇన్సులేషన్ గురించి మాట్లాడుకోవలసిందేమీ లేదు. గోడలున్న గదిలో కారు ఒక్కటే ఉంటే, కారుకు మన ఎండ వల్ల పెద్ద బాధ లేదు; రంగు, సీటు కవర్లు కాపాడుకోవడానికి నీడ చాలు, ఆ నీడ గది ఎలాగూ ఇస్తుంది. కారు తీసి బయట పెట్టి, ఆ గదిని మల్గీగా, అంటే దుకాణం గదిగా, అద్దెకిచ్చినా, పిల్లల ట్యూషన్లకు వాడుతున్నా, ఇంటి నుంచి ఉద్యోగం చేసే అబ్బాయి అక్కడే బల్ల వేసుకున్నా, అప్పుడు మాత్రం షట్టరు మీద లెక్క వేయడం న్యాయం. ఇన్సులేషన్ మనిషి కోసం. వాహనం కోసం కాదు.

ఈ ప్రశ్న మనదాకా ఎలా వచ్చిందో కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలో గ్యారేజీ ఇంటికి అతుక్కుని ఉంటుంది. రెండు కార్ల తలుపు పదహారు అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉండటం అక్కడ మామూలు. చలికాలంలో నీళ్లు గడ్డకట్టే ఊళ్లలో ఆ తలుపు గుండా వెచ్చదనం పోతుంది, గ్యారేజీ పైన పడకగది ఉంటే దాని నేల చల్లబడుతుంది, అందుకని వాళ్లు ఫోమ్ నింపిన తలుపులు పెట్టించుకుంటారు. వాళ్ల లెక్క నెలల తరబడి ఇల్లు వేడిచేసుకునే బిల్లు మీద నడుస్తుంది. మనకు డిసెంబరులో రాత్రిపూట ఒక రగ్గు చాలు. కాబట్టి అక్కడి తలుపు ఫోటోలో ఎంత బాగున్నా, అక్కడి లెక్కను ఇక్కడికి దిగుమతి చేసుకోకూడదు. మన లెక్క మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా, అదీ మధ్యాహ్నం రెండు దాటాక సాగే లెక్క.

మధ్యాహ్నం రెండు అని ఎందుకన్నానంటే, మన నగరం భూమధ్యరేఖకు ఉత్తరాన పదిహేడు డిగ్రీల పైచిలుకు అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి నడిమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ కనిపించదు. ఆ వేళ ఎండంతా కప్పు మీదే పడుతుంది, నిలువుగా ఉన్న గోడకు, షట్టరుకు పెద్దగా తగలదు. రెండు దాటాక సూర్యుడు పడమటికి వాలేకొద్దీ ఆ వాలు కిరణాలు పడమటి షట్టరుకు ఎదురుగా వచ్చి తగులుతాయి. తూర్పు షట్టరుకూ ఉదయం అంతే ఎండ తగులుతుంది గాని, అప్పటికి గాలి చల్లగా ఉంటుంది కనుక మనిషి ఓర్చుకుంటాడు. కాబట్టి మీది దక్షిణపు షట్టరైతే ఈ ప్రసంగాన్ని పక్కింటివారి కోసం వినండి.

ఇప్పుడు మా షట్టరు. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు, బూడిద రంగు, పడమటి ముఖం. పైన మొదటి అంతస్తు ఉంది కనుక ఆ గది కప్పుకు ఎండ తగలదు. లోపలికొచ్చే వేడికి షట్టరే సింహద్వారం. ఆ గదిని ఒక దర్జీ అమ్మాయికి అద్దెకిచ్చాం. మొదటి వేసవిలో ఆమె ఒంటిగంటకు షట్టరు దించేసి ఇంటికి వెళ్లి, అయిదున్నరకు మళ్లీ వచ్చేది. ఒకరోజు, "అంకుల్, షట్టరు పక్కన పెట్టిన కత్తెర ముట్టుకుంటే కాలుతోంది" అంది. నేను నవ్వి ఊరుకోకుండా, పాత ఉద్యోగపు అలవాటు కొద్దీ ఉష్ణోగ్రత చూసే తుపాకీ తీసుకుని మూడున్నరకు వెళ్లాను. రేకు బయటి ముఖం 61 డిగ్రీలు, లోపలి ముఖం 59, గదిలో గాలి 37. బయటికీ లోపలికీ రెండు డిగ్రీలే తేడా. ఉక్కు రేకు వేడికి అడ్డం కాదు, వంతెన.

ఈ అంకెలతో చిన్న లెక్క వేయవచ్చు. షట్టరు వైశాల్యం దాదాపు ఏడున్నర చదరపు మీటర్లు. గదిలోని గాలికంటే రేకు ఒక డిగ్రీ ఎక్కువ వేడిగా ఉంటే, చదరపు మీటరుకు సుమారు ఎనిమిది వాట్ల వేడి లోపలికి దిగుతుంది. మా షట్టరుకు ఆ తేడా 22 డిగ్రీలు. మూడింటినీ గుణిస్తే 1,300 వాట్లు వస్తుంది. అంటే మే నెల మధ్యాహ్నం ఆ అమ్మాయి పక్కన ఒక రూమ్ హీటరు వేసి, మేము నెలనెలా అద్దె తీసుకుంటున్నామన్నమాట. ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టినా, దాని శక్తిలో నాలుగో వంతు ఈ రేకును తట్టుకోవడానికే సరిపోతుంది.

లెక్క తేలగానే నేను చేసిన పని వినండి, మీరు మాత్రం చేయకండి. థర్మోకోల్ పలకలు తెచ్చి, జిగురు రాసి, షట్టరు పట్టీలకు లోపలి నుంచి స్వయంగా అతికించాను. శీతల గిడ్డంగులకు ఫోమ్ పలకలతో తలుపులు అమర్చిన చేతులకు ఇదేం పెద్ద పని అనుకున్నాను. గిడ్డంగి తలుపు పక్కకు జరుగుతుంది, షట్టరు చుట్టుకుంటుంది. ఆ తేడా నాకు మరుసటి ఉదయం షట్టరు ఎత్తినప్పుడు తెలిసింది. పైన పైపు చుట్టూ పట్టీలు చుట్టుకోవడం మొదలవగానే థర్మోకోల్ నలిగి, పెళ్లి తలంబ్రాల్లాగా నా మీద, ఆ అమ్మాయి మీద, ఎవరిదో పట్టు లంగా మీద రాలింది. మిగిలిన ముక్కలు పై పెట్టెలో ఇరుక్కుని షట్టరు సగంలో ఆగిపోయింది. షట్టరు మిస్త్రీ వచ్చి, రెండు గంటలు ముక్కలు పీకి, "సార్, మీరు ఇంజనీరా?" అని అడిగి డబ్బు తీసుకున్నాడు.

కాబట్టి మొదటి మాట: చుట్టుకునే షట్టరుకు మందమైన ఫోమ్ అతికించడం కుదరదు. అదృష్టం బాగుండి కుదిరినా బరువు సమస్య ఉంది. మన షట్టర్ల బరువును పై పైపులోని స్ప్రింగులు మోస్తాయి. ఆ బరువుకు తగ్గట్టే వాటిని తిప్పి బిగిస్తారు. ఒట్టి ఫోమ్ తేలికే, మా షట్టరంత వైశాల్యానికి అంగుళం మందం వేసినా ఏడెనిమిది కిలోలు మించదు. దాని మీద కప్పడానికి ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే ఇంకో ముప్పై కిలోలు. అప్పుడు సగంలో వదిలిన షట్టరు అక్కడే నిలవదు, కాళ్ల మీదికి దిగుతుంది. స్ప్రింగు మళ్లీ బిగించడం మిస్త్రీ పనే. బిగించి ఉన్న స్ప్రింగును తెలియనివాడు వదిలిస్తే చెయ్యి విరుగుతుంది.

మరి కుదిరే మార్గాలేమిటి? అన్నిటికంటే ఖరీదైనది, షట్టరు తీసేసి, ఫోమ్ నింపిన పలకల తలుపు పెట్టించడం. ఆ పలకలు చుట్టుకోవు, ముక్కలు ముక్కలుగా పైకెళ్లి కప్పు కింద పడుకుంటాయి. మా షట్టరు కొలతకు మోటారుతో కలిపి నాకు ఇచ్చిన కొటేషన్ లక్షన్నర దాటింది. రెండోది, షట్టరును ముట్టుకోకుండా దాని వెనుక గోడకు గోడకు మధ్య, వడ్రంగి చేత పక్కకు జరిగే తలుపులు చేయించి వాటిలో అంగుళం ఫోమ్ పలక బిగించడం. మాకు ఇరవై వేల చిల్లర అడిగారు. మూడోది, ఇన్సులేషన్ అని పిలవడానికి కూడా అర్హత లేనిది: షట్టరు బయట తెల్ల రంగు, దాని ముందు నీడ.

వీటిలో ఏది ఎంత వేడిని ఆపుతుందో పోల్చే ముందు, కొటేషన్‌లో కనిపించే ఒక అంకె గురించి హెచ్చరించాలి. దాన్ని ఆర్-విలువ అంటారు. వేడిని అడ్డుకునే శక్తికి అది కొలత, ఎక్కువైతే మంచిది. అమెరికన్ కొలమానంలో ఆర్ 10 అని రాసినది మన మెట్రిక్ కొలమానంలో 1.76 మాత్రమే; మొదటిదాన్ని 5.68తో భాగిస్తే రెండోది వస్తుంది. అమ్మేవాడు ఏ కొలమానం రాశాడో అడగకపోతే, ఒకరు 10 అని, ఇంకొకరు 1.76 అని రాసిన ఒకే సరుకు మీకు రెండు సరుకులుగా కనిపిస్తుంది. పైగా ఆ అంకె తరచుగా పలక నడిమి భాగానిది. అంచుల్లో, అతుకుల్లో, చట్రంలో ఇనుము ఉన్నచోట వేడి దొంగదారిన వస్తూనే ఉంటుంది.

ఇంకొకటి, ఆర్-విలువ రెట్టింపైతే లాభం రెట్టింపవదు. వచ్చే వేడి సగానికి తగ్గుతుంది, అంతే. నూరు పాళ్లు వచ్చేది యాభై అయితే యాభై మిగిలింది. మళ్లీ రెట్టింపు చేస్తే ఇరవై అయిదు మిగుల్తుంది, ఆపై పన్నెండున్నర. డబ్బు మాత్రం ప్రతిసారీ ఎక్కువే అవుతుంది. మెట్రిక్ కొలమానంలో ఒకటి ఇచ్చే అంగుళం ఫోమ్ మన ఊరి షట్టరుకు చాలు. అంతకంటే మందం శీతల గిడ్డంగికి కావాలి, దర్జీ గదికి అక్కరలేదు.

అంగుళం ఫోమ్‌తో మా 1,300 వాట్లు రెండు వందల లోపుకు దిగుతాయి. అంటే 1,100 వాట్లు ఆగాయి. గదిలో ఏసీ ఉందనుకుందాం. ఒక యూనిట్ కరెంటుతో ఏసీ మూడున్నర యూనిట్ల వేడిని బయటికి తోస్తుందని వేసుకుంటే, రోజుకు నాలుగు గంటల ఎండకు మిగిలేది యూనిటుంబావు. ఏడాదిలో నూరు రోజులకు 125 యూనిట్లు. కరెంటు చార్జీల పై స్లాబులో యూనిటు తొమ్మిది రూపాయలు అనుకుంటే 1,125 రూపాయలు. మిగతా నెలలను ఉదారంగా కలిపి పదిహేను వందలు అనండి. లక్షన్నర పెట్టిన తలుపు ఆ లెక్కన నూరేళ్లకు గిట్టుబాటవుతుంది. మునిమనవలకు కాగితాల్లో రాసిపెట్టవచ్చు. ఇరవై వేల లోపలి తలుపు పదమూడు, పద్నాలుగేళ్లకు తీరుతుంది. ఏసీ లేకపోతే బిల్లులో మిగిలేది సున్న. పోయిన నెల నేను "గిట్టుబాటు కాదండీ" అన్నది ఈ లెక్క పట్టుకునే.

అయితే తెల్ల రంగు సంగతి చూడండి. రెండో వేసవిలో బూడిద రంగు గీకించి తెల్ల ఎనామెల్ వేయించాను, ఇరవై అయిదు వందలు అయింది. అదే మే నెల, అదే మూడున్నర గంట, అదే తుపాకీ: బయటి ముఖం 48. గదిలోకి దిగే వేడి సగానికి సగం పడిపోయింది. ఆపై షట్టరుకు రెండడుగుల ముందుకు సజ్జ నుంచి వెదురు చిక్, అంటే వెదురు పుల్లల తెర, వేలాడదీశాం. దాన్ని మధ్యాహ్నం సగం దించితే గిరాకీ వచ్చే దారి తెరిచే ఉంటుంది. రేకు 42కు దిగింది, గాలి కంటే కొద్దిగా ఎక్కువ. రంగు, నీడ కలిపి ఆరు వేల అయిదు వందలకు, 1,300లో వెయ్యి వాట్లు పోయాయి. ఇక ఫోమ్ వేసినా ఆపగలిగేది మిగిలిన మూడు వందల్లోంచే. అందుకని కొటేషన్ తెచ్చినవాడు ఫోమ్ ముందు, ఫోమ్ తర్వాత అని పట్టిక చూపిస్తే, మధ్యలో తెల్ల రంగు వరుస ఏదని అడగండి.

మన పెద్దలు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లింది కూడా ఈ నీడ సూత్రం మీదే, దానికి నీటి ఆవిరి చలువ అదనం. వేడిని ఇంట్లోకి రానిచ్చి తోలడం కంటే గుమ్మం బయటే ఆపడం తేలిక.

గది మీద అంతస్తు లేకపోతే ఈ వరుస మారుతుంది. అప్పుడు కప్పే మొదటి దోషి. పది అడుగులకు పద్దెనిమిది అడుగుల గదికి ఎండ తగిలే స్లాబు ఒక్కటే షట్టరుతో సమానంగా వేడి దింపుతుంది, పైగా స్లాబు ఆ వేడిని రాత్రి దాకా దాచుకుని ఇస్తుంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఈ ఉద్దేశంతో వచ్చిందే: 2028 వరకు వర్తించే ఆ విధానంలో ఆరు వందల గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు కప్పు చలువ తప్పనిసరి చేశారు, అంతకంటే చిన్నవాటికి ఇష్టానికి వదిలారు. చిన్న ఇళ్లవారు ఇష్టంగానే చేయించుకోవచ్చు. తెల్ల రంగు షట్టరు మీద ఎలా పని చేస్తుందో స్లాబు మీదా అలాగే పని చేస్తుంది.

మెరిసే రేకు, బుడగల షీటు గురించి ఇద్దరు అడిగారు. చవకది, చదరపు అడుగు పది, ఇరవై రూపాయల్లో దొరుకుతుంది, చుట్టుకునే షట్టరుకు తెరలా వేలాడదీయవచ్చు. షట్టరు లోపలి ముఖం నుంచి మన ఒంటికి తగిలే వేడిలో సగానికి పైగా కిరణాల రూపంలో వస్తుంది. ఆ షీటు కిరణాలనే ఆపుతుంది. కాని మెరుపు ముఖానికి ఎదురుగా ఖాళీ గాలి ఉండాలి. ఒక అంగుళం ఎడం వదలకుండా రేకుకు చప్పగా అతికించి, దాని మీద ఇంకో పలక కొడితే దాని విలువ చాలావరకు పోతుంది. దుమ్ము పట్టినా పోతుంది. మన రోడ్ల దుమ్ముకు నెలకోసారి తుడవాలి.

డబ్బు లెక్క కంటే గట్టిగా చెప్పవలసింది నిప్పు గురించి. థర్మోకోల్ అయినా, ఇతర ఫోమ్ అయినా అంటుకుంటే మండుతుంది, నల్లటి విషపు పొగ వదులుతుంది. ఇవాళ మన కారు గదుల్లో కరెంటు స్కూటర్లు రాత్రంతా చార్జింగ్‌లో ఉంటున్నాయి. నగ్నంగా ఉన్న ఫోమ్ పక్కన చార్జరు పెట్టడం మంచిది కాదు. ఫోమ్ వేస్తే దాని మీద జిప్సం బోర్డో సిమెంటు బోర్డో రేకో కప్పించండి. అలాగే గాలి చొరబడకుండా రబ్బరు పట్టీలు, కుంచె పట్టీలు బిగించేటప్పుడు వెంటిలేటరును మూయకండి. మూసిన గదిలో కారు ఇంజను నడిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు, అది మనిషిని లేపి చెప్పదు. గ్యాస్ సిలిండరు అక్కడ ఉంచేవారికి ఇంకో మాట: లీకైన వంటగ్యాసు గాలికంటే బరువు, నేల వెంట పారుతుంది, కింది సందు పూర్తిగా మూసేస్తే దానికి బయటికి దారి ఉండదు.

కారునూ మనిషినీ ఒకే గదిలో పెట్టాలనుకునేవారు ఉన్నారు. ఎండలో తిరిగి వచ్చిన ఇంజను చల్లారేలోపు ఒక యూనిట్ పైచిలుకు వేడిని గదిలోకి వదులుతుంది. బిగుతుగా ఇన్సులేషన్ చేసిన గదిలో అది బయటికి పోలేక అక్కడే తిరుగుతుంది. ఓ అరగంట బయట నిలిపి లోపల పెట్టండి.

ఇక ఆ అమ్మాయి సంగతి. మూడో వేసవిలో నేను ఆ ఇరవై వేలూ పెట్టి లోపలి తలుపులు కూడా చేయించాను. బిల్లు లెక్కన అది దండగే అని మీకు ఇప్పుడే నిరూపించాను, మా ఆవిడకు ముందే తెలుసు. నేను చూసిన లెక్క వేరు. ఆమె ఒంటిగంట నుంచి అయిదున్నర దాకా మూసుకోవడం మానేసింది. పెళ్లిళ్ల నెలల్లో రోజుకు నాలుగున్నర గంటల పని అంటే ఎన్ని జాకెట్లో కుట్టుపని తెలిసినవారు చెప్పగలరు. మా వైపు నుంచి చూస్తే, ఆమెకు ముందున్నవాళ్లు ఇద్దరూ మే నెలలోనే ఖాళీ చేశారు. ప్రతిసారీ మల్గీ రెండు నెలలు ఊరికే ఉండి, నెలకు తొమ్మిది వేల చొప్పున పద్దెనిమిది వేలు పోయింది. ఆ అద్దె పక్కన పెట్టి చూస్తే తలుపుల ఖర్చు ఒక్క ఖాళీకి దగ్గరగా వస్తుంది. కరెంటు బిల్లు పుస్తకంలో కనిపించని ఈ వరుస మీ ఇంటి లెక్కలో ఉందో లేదో మీరే చూసుకోవాలి. ఉంటే ఫోమ్ దాకా వెళ్లండి. లేకపోతే తెల్ల రంగు దగ్గర ఆగండి.

లోపలి తలుపుల్లో ఫోమ్ వేయించేవారు అడుగు భాగాన రేకు పట్టీ కొట్టించుకోండి. మాకు మొదటి వానాకాలంలోనే ఎలుక దూరి ఒక మూల గూడు కట్టింది.

నా ఉష్ణోగ్రత తుపాకీ ఇంకా పనిచేస్తోంది. కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఎవరైనా పిలిస్తే మీ షట్టరు చూసి పోతాను. మధ్యాహ్నం మూడున్నరకు పిలవండి. ఉదయం పదింటికి పడమటి షట్టర్లన్నీ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి.